వెళ్లొచ్చే చదువు

1958లో సోఫియా కొర్రాది అనే ఇటలీ న్యాయశాస్త్ర విద్యార్థిని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పూర్తిచేసి రోమ్‌కు తిరిగొచ్చింది. అక్కడి చదువు ఇక్కడ చెల్లదన్నారు. ఆమె ఊరుకోలేదు, ఏళ్ల తరబడి అధికారుల వెంటపడింది. చివరికి 1987లో ఐరోపాలో, విద్యార్థులు కొంతకాలం మరో దేశంలో చదివి సొంత విశ్వవిద్యాలయంలో దానికి గుర్తింపు పొందే ఎరాస్మస్ పథకం మొదలైంది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్లారు.

మన ఇళ్లలో విదేశీ చదువంటే ఎమ్మెస్, బ్యాంకు అప్పు, ఆపైన ఉద్యోగం. ఒక్క సెమిస్టరు వెళ్లి చదువుకుని, మళ్లీ మన తరగతి గదికే రావడమన్న ఆలోచన చాలామందికి కొత్త. ఈ సంచిక ఆ కొత్తదాని గురించే.

ఎరాస్మస్‌లో నాకు బాగా నచ్చింది ఒక కాగితం. ఏ కోర్సులు చదవాలో, తిరిగొచ్చాక వాటికి ఎన్ని క్రెడిట్లు ఇస్తారో విద్యార్థీ, పంపే విశ్వవిద్యాలయమూ, చేర్చుకునేదీ ముందే రాసుకుని సంతకాలు చేస్తారు. సెమిస్టరుకు మామూలుగా 30 క్రెడిట్లు. చేర్చుకున్న చోట ట్యూషన్ ఫీజు ఉండదు. అయినా అద్దె, తిండి ఖర్చులకు స్కాలర్‌షిప్ చాలక వెనక్కి తగ్గే పేదింటి పిల్లలు ఐరోపాలోనూ ఉన్నారు. ఇది నన్ను బాధపెట్టే సంగతి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి విదేశీ విద్యార్థులు సెమిస్టరు చదువుకు వస్తూనే ఉన్నారు. మన పిల్లలూ అలా వెళ్లాలి. వెళ్లేముందే ఆ క్రెడిట్ల కాగితం మీద సంతకం పెట్టమని మన విభాగాధిపతులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

– సంపాదకుడు