చెట్టుకు బదిలీ లేదు

మా బడి సైకిల్ స్టాండు పక్కన ఒక పెద్ద వేపచెట్టు ఉంది. పోయిన అక్టోబరులో దాని కొమ్మల చివర్లు ఒక్కొక్కటే గోధుమరంగుకు తిరగడం మొదలైంది. దీపావళి నాటికి పైభాగమంతా నిప్పుసెగ తగిలినట్టు మాడిపోయింది. "ఇక ఈ చెట్టు పని అయిపోయింది, కొట్టించేయాలి" అని పెద్దవాళ్ళు అనుకోవడం విన్నాను. అలా అన్నవాళ్ళలో చాలామంది ఆ ఏడాదే బదిలీ మీద హైదరాబాదు వచ్చినవాళ్ళు. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న తోటమాలి తాత మాత్రం, "2021ల గూడ ఇట్లనే అయింది బిడ్డా. ఉగాదికి మళ్ల చిగురువెట్టింది" అన్నాడు.

ఆయన మాట ఎవరైనా వినేలోపే గేటు దగ్గరున్న ఇంకో వేపచెట్టును కొట్టేశారు. మొదలు నరికిన చోట కలప పచ్చిగా, తడిగా ఉంది. అది చచ్చిన చెట్టు కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఆకులు మాడిన చెట్టుకు మందు కన్నా ముందు కావలసింది దాని గతం తెలిసిన మనిషి. మూడేళ్ళకోసారి మనుషులు మారిపోయే మన బడుల్లో కరువైంది ఆ మనిషే.

తాత చెప్పింది నిజం. 2021 చివర్లో తెలంగాణ జిల్లాల్లో వేపచెట్లు పెద్ద ఎత్తున ఇలాగే ఎండిపోయాయి. దీన్ని కొమ్మ ఎండు తెగులు అంటారు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం దీనికి కారణం. దానికి తోడు టీ దోమ అనే పురుగు ఉంటుంది. పేరుకే దోమ. నిజానికి అది లేత చిగుళ్ళలో రసం పీల్చే నల్లి జాతి పురుగు, జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన శత్రువు. అది గుచ్చిన చోట చిగురు వాడిపోతుంది, ఆ గాయాలు శిలీంధ్రానికి దారి ఇస్తాయి. వానాకాలపు తేమలో తెగులు ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు పాకుతుంది. వానలు తగ్గి ఎండలు ముదిరేకొద్దీ దాని జోరు తగ్గుతుంది. అప్పుడు చాలా చెట్లు కొత్త చిగుళ్ళు వేస్తాయి. అంటే నవంబరులో చూసి తీర్పు చెప్పేవాళ్ళు సగం కథే చూసినట్టు.

అయితే ఆకు మాడిన ప్రతిసారీ ఇదే తెగులు అనుకోకూడదు. జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఒకే మాత్ర ఇస్తామా? ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

ఏ నెలలో మొదలైంది? ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేప ముదురాకులు పండి రాలితే అది రోగం కాదు, ఏటా జరిగేదే. ఎక్కడ మొదలైంది? కొమ్మల చివర నుంచి వెనక్కి ఎండుతూ వస్తే ఎండు తెగులును అనుమానించాలి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, మధ్యభాగం పసుపెక్కితే చెట్టుకు ఇనుము అందడం లేదని అర్థం. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇది మామూలే. ఎన్ని చెట్లకు వచ్చింది? చుట్టుపక్కల వేపలన్నీ మాడి, పక్కనున్న కానుగలు పచ్చగా ఉంటే అది వేపకు వచ్చిన తెగులు. ఒకే చోట ఉన్న రకరకాల చెట్లు కలిసి వాడితే మాత్రం నేలను చూడాలి. పైపు కోసం తవ్వి వేళ్ళు తెగ్గొట్టారా, మొదలు చుట్టూ సిమెంటు పోశారా అని అడగాలి. కానుగ ఆకుల మీద బుడిపెలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. కంటికి ఆననంత చిన్న నల్లి వాటిని పుట్టిస్తుంది. చూడ్డానికి వికారమే కానీ పెద్ద చెట్టుకు దానివల్ల ప్రాణభయం లేదు.

చివరి ప్రశ్న, కొమ్మ బతికే ఉందా? బెరడును గోటితో కాస్త గీకితే తెలిసిపోతుంది. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఇక చికిత్స. చిన్న చెట్లయితే ఎండిన కొమ్మలను కొంత పచ్చిభాగంతో సహా కత్తిరించి, దూరంగా తీసుకెళ్ళి నాశనం చేయాలి. కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశినులు కూడా వాడతారు. కానీ మూడంతస్తుల ఎత్తున్న చెట్టు తల దాకా పిచికారీ చేయడం తేలిక కాదు. పైగా కింద పిల్లలు తిరిగే చోట మందు కొట్టడం ఆ పని తెలిసిన పెద్దలు, వ్యవసాయ అధికారిని అడిగి మాత్రమే చేయాలి. మన చేతుల్లో ఉన్న చికిత్స వేరే ఉంది. మొదలు చుట్టూ నేల ఊపిరి తీసుకునేలా వదలడం. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఎండాకాలంలో నీళ్ళు పోయడం, రాలిన ఆకులను తగలబెట్టకుండా ఎరువు చేయడం, కాండానికి మేకులు కొట్టకపోవడం కూడా చికిత్సే.

"ఎండిన కొమ్మ పిల్లల నెత్తిన పడితే?" అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎండిన కొమ్మను తప్పక కొట్టించాలి. కానీ కొమ్మకు వేసే శిక్ష మొదలుకు వేయకూడదు. చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలన్నది కూడా మరిచిపోకూడదు.

మరి చెట్టు గతాన్ని ఎవరు గుర్తుంచుకోవాలి? తాత వచ్చే ఏడాది పని మానేస్తున్నాడు. మా నాన్నకు బదిలీ ఎప్పుడైనా రావచ్చు. మనం బడి మారితే టీసీ మన వెంట వస్తుంది. కొత్త టీచరు దాన్ని చూసి మనమెవరో తెలుసుకుంటారు. చెట్టు కదలదు, దాన్ని చూసేవాళ్ళే మారిపోతారు. కాబట్టి కాగితం చెట్టు దగ్గరే ఉండాలి. ప్రతి చెట్టుకూ ఒక నంబరు, ఎకో క్లబ్ అల్మారాలో ఒక నోటుబుక్కు చాలు. నెలకోసారి తేదీ వేసి నాలుగు మాటలు రాయాలి. చిగురు ఎప్పుడు వచ్చింది, పూత ఎప్పుడు, ఏ కొమ్మ ఎండింది, పక్కన ఎవరు తవ్వారు. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు అప్పజెప్పాలి. రేపు మీరు పంజాబ్‌కో బీహార్‌కో వెళ్తే అక్కడ వేపకు బదులు శీషమ్ ఉంటుంది. ఆ చెట్టుకూ ఎండు తెగులు బాధ ఉంది. కారణాలు వేరు కావచ్చు, నోటుబుక్కు పద్ధతి ఒకటే.

సైకిల్ స్టాండు వేప మార్చిలో చిగురించింది. రెండు కొమ్మలు పోయాయి, తక్కినవన్నీ నిలిచాయి. ఈసారి ఉగాది పచ్చడిలోకి పువ్వు మాత్రం పక్కవీధి చెట్టు నుంచి తెచ్చుకున్నాం. నోటుబుక్కు మొదటి పేజీలో ఆ సంగతే రాశాను. రెండో పేజీ గేటు దగ్గరి చెట్టుది. అందులో దాన్ని కొట్టేసిన తేదీ ఒక్కటే ఉంది.