కారు రాలేదు, ధరావతైనా రావద్దా?

చేత్తో ఇచ్చి కాళ్లతో తిరగడమన్నది అప్పిచ్చినవాడి అవస్థ గురించి తెలుగునాట పుట్టిన మాట. కొత్త కారు కోసం ధరావతు చెల్లించి, చెప్పిన గడువు దాటినా బండి రాక, విసిగి ఆర్డరు రద్దు చేసుకున్న కొనుగోలుదారుకు ఈ మాట అక్షరాలా వర్తిస్తున్నది. డబ్బు కట్టించుకోవడానికి రెండు నిమిషాలు చాలు. తిరిగి ఇవ్వడానికి మాత్రం వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. హెడ్డాఫీసుకు పంపామంటారు. అకౌంట్స్ విభాగంలో ఉందంటారు. కంపెనీ నుంచి అనుమతి రావాలంటారు. చివరకు రద్దు ఖర్చుల పేరిట కొంత కోసుకుని మిగిలింది చేతిలో పెడితే, అదే మహోపకారమని కొనుగోలుదారు సంతృప్తి పడవలసి వస్తున్నది. మాట తప్పినవాడు ఉపకారిగానూ, మాట నమ్మినవాడు అర్థిగానూ మారిపోయే ఈ వింత వ్యాపార నీతిని సరిదిద్దవలసిన అవసరం ఉంది.

నాటి క్యూ, నేటి క్యూ

కారు కోసం నిరీక్షణ ఈ దేశానికి కొత్త కాదు. లైసెన్సు రాజ్యం సాగిన దశాబ్దాలలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి రెండు మూడు బండ్లే దిక్కు. డబ్బు కట్టినవారు ఏళ్ల తరబడి ఎదురు చూసేవారు. 1983లో ప్రభుత్వ రంగ సంస్థ మారుతీ ఉద్యోగ్ బుకింగులు తెరిచినప్పుడు రూ.10 వేల చొప్పున ధరావతు చెల్లించినవారు లక్షకు పైబడ్డారు. ఒక్క కారు కూడా రోడ్డెక్కక ముందే వంద కోట్ల రూపాయలకు మించిన ప్రజల సొమ్ము ఆ సంస్థ చేతికి వచ్చిందన్నమాట. అదే ఏడాది డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి కారు తాళాలను అందజేశారు. ఫ్యాక్టరీ నిలబడింది, కార్లు వచ్చాయి, ప్రజల నమ్మకం వమ్ము కాలేదు.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల నుంచి విముక్తి లభించింది. విదేశీ కంపెనీలు వరుస కట్టాయి. ఇక క్యూలు అంతరించినట్లేనని అందరూ భావించారు. కానీ ఆ దశాబ్దంలోనే ధరావతులు కట్టినవారికి చేదు అనుభవం ఎదురైంది. 1996లో వచ్చిన ఫియట్ యూనోకు రెండున్నర లక్షలకు మించి బుకింగులు వచ్చాయి. ముంబయిలోని కుర్లా కర్మాగారంలో తలెత్తిన కార్మిక వివాదం వల్ల ఉత్పత్తి నత్తనడక నడిచింది. వేచి చూసి విసిగినవారు బుకింగులు రద్దు చేసుకున్నారు. అదే ప్రీమియర్ సంస్థ భాగస్వామ్యంతో కల్యాణ్‌లో తయారైన ప్యూజో 309 ఉత్పత్తి దశాబ్దం ముగియకముందే ఆగిపోయింది. వినియోగదారు క్యూలో నిలబడి ఉండగానే దుకాణం మూతపడే ప్రమాదం ఉందని ఆనాడే తేలిపోయింది.

2021లో సెమీకండక్టర్ చిప్‌ల కొరత ప్రపంచాన్ని కుదిపివేసినప్పుడు నిరీక్షణ మళ్లీ మొదటికి వచ్చింది. గిరాకీ ఉన్న మోడళ్లకు నెలల తరబడి, కొన్నింటికి ఏడాదికి పైగా ఆగవలసి వచ్చింది. 2022 జూలై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్‌కు బుకింగులు తెరిస్తే అర గంటలోపే లక్ష దాటాయి. ఒక్కొక్కరు చెల్లించింది రూ.21 వేలు. అంటే అర గంటలో రూ.210 కోట్లు. ఆ ఏడాది డిసెంబర్‌లోగా 20 వేల బండ్లు అందిస్తామని సంస్థ ప్రకటించింది. మిగిలిన 80 వేల మంది మరుసటి ఏడాది వరకు ఆగక తప్పదని ఆ ప్రకటనలోనే తెలిసిపోయింది. ఉన్న సంగతి ముందే చెప్పడం మెచ్చుకోదగినదే. అన్ని కంపెనీలూ, అందరు డీలర్లూ అదే పని చేస్తే ఈ వ్యాసంతో పనే ఉండేది కాదు.

చిన్న మొత్తం, పెద్ద లెక్క

రూ.21 వేలకు 6 శాతం చొప్పున ఏడాదికి వడ్డీ రూ.1,260. ఇంత చిన్న మొత్తం కోసం ఏ ఉద్యోగీ సెలవు పెట్టి పోరాడడు. కానీ అదే లెక్క లక్ష మందికి కడితే రూ.12 కోట్ల 60 లక్షలు అవుతుంది. ఒక్కొక్కరికి స్వల్పమైనది అందరికీ కలిపితే భారీ మొత్తం కావడమే ఈ సమస్యకు మూలం. పోగొట్టుకునేవాడికి అది కోర్టుకెక్కేంత నష్టం కాదు. అట్టిపెట్టుకునేవాడికి మాత్రం అది వడ్డీ లేని పెట్టుబడి.

అంతర్జాతీయ కంపెనీలు సైతం ఇందుకు మినహాయింపు కాదు. 2016లో అమెరికా కంపెనీ టెస్లా మోడల్ 3 కారు కోసం వెయ్యి డాలర్ల చొప్పున కట్టిన భారతీయులున్నారు. ఆ సొమ్ము తిరిగి ఇస్తున్నట్లు కంపెనీ నుంచి వారికి లేఖలు అందింది 2025లో! అదే ఏడాది జూలైలో ఆ సంస్థ ముంబయిలో తొలి షోరూమ్ తెరిచినా, అమ్మకానికి పెట్టింది వేరే మోడల్. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, కారు రాకముందే దాని పేరిట వసూలైన సొమ్ము తొమ్మిదేళ్లు సముద్రాల ఆవల ఉండిపోయింది.

చట్టం ఏమంటున్నది?

రద్దు చేసుకున్నవారికి షోరూమ్‌లో తరచు వినిపించే మాట ఒకటుంది. "బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వబడదని రసీదు మీద ఉంది, మీరు సంతకం కూడా చేశారు" అంటారు. అచ్చులో ఉన్నదంతా చట్టం కాదు. బయానా సొమ్ము కొనేవాడు మాట మీద నిలుస్తాడనడానికి హామీ. కొనేవాడు మాట తప్పితే అది పోవచ్చు. అమ్మేవాడే మాట తప్పినప్పుడు దానిని అట్టిపెట్టుకునే హక్కు అతనికి ఎక్కడిది? 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఈ సంగతిని ఏనాడో స్పష్టం చేసింది. గడువు కీలకమైన ఒప్పందంలో ఆ గడువు తప్పితే ఒప్పందాన్ని రద్దు చేసుకునే స్వేచ్ఛ రెండవ పక్షానికి ఉంటుందని 55వ సెక్షన్ చెబుతున్నది. ఆ ఒప్పందం కింద పొందిన లబ్ధిని తిరిగి ఇవ్వాలన్న సూత్రం 65వ సెక్షన్‌లో ఉంది.

కొనేవాడే వెనక్కి తగ్గిన సందర్భంలోనైనా ధరావతు మొత్తాన్ని మింగేయడానికి వీలు లేదు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక స్థలం వేలంలో ధరావతును జప్తు చేసుకున్న కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ప్రమాణం. ఆ స్థలాన్ని తర్వాత అంతకంటే ఎంతో ఎక్కువ ధరకు అమ్ముకున్న అథారిటీకి నష్టమే జరగలేదని, నష్టం లేనప్పుడు జప్తు చెల్లదని న్యాయస్థానం నిర్ణయించింది. రూ.78 లక్షల ధరావతును 9 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. నెలల తరబడి క్యూ ఉన్న కారును ఒకరు వద్దంటే, మరుక్షణమే వెనుక ఉన్న మరొకరికి అమ్ముడుపోతుంది. మరి డీలరుకు జరిగిన నష్టమేమిటి?

2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం "అన్యాయమైన ఒప్పందం" అన్న భావనను నిర్వచించింది. మితిమీరిన ధరావతు కోరడం, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా విధించడం ఆ నిర్వచనంలోకి వస్తాయి. కంపెనీల డిపాజిట్లకు సంబంధించి 2014లో చేసిన నిబంధనలలో మరొక ముఖ్యాంశం దాగి ఉంది. వస్తువు సరఫరా కోసం ఒక కంపెనీ తీసుకున్న అడ్వాన్సును 365 రోజులలోగా ఆ సరఫరా కింద జమ కట్టుకుంటేనే అది వ్యాపార అడ్వాన్సు. ఆ గడువు దాటితే దానికి డిపాజిట్‌కు వర్తించే కఠిన నిబంధనలు వర్తిస్తాయి. ఏడాదికి మించి బండి ఇవ్వకుండా సొమ్ము ఉంచుకోవడం కంపెనీలకు కూడా చట్టరీత్యా చిక్కేనన్నమాట.

జీఎస్టీ కట్టేశాము కాబట్టి ఆ మేరకు కోత తప్పదన్న సాకు కూడా నిలవదు. వస్తువుల కోసం తీసుకున్న అడ్వాన్సు మీద, అడ్వాన్సు అందిన దశలోనే జీఎస్టీ చెల్లించే బాధ్యతను 2017 నవంబర్ 15 నుంచే తొలగించారు. కారు ఇచ్చి బిల్లు రాసినప్పుడే పన్ను.

సొమ్ము ఎవరి ఖాతాలో?

చట్టాలు ఇన్ని ఉన్నా బాధితుడు తిరుగుతూనే ఉన్నాడంటే కారణం ఒకటే. కారు తయారు చేసేది ఒకరు, సొమ్ము పుచ్చుకునేది తరచు మరొకరు. డీలరు స్వతంత్ర వ్యాపారి అని కంపెనీ అంటుంది. కంపెనీ బండ్లు పంపకపోతే నేనేం చేయనని డీలరు అంటాడు. ప్రకటన కంపెనీది, రసీదు డీలరుది, నిరీక్షణ మాత్రం కొనుగోలుదారుది. కాబట్టి సొమ్ము కట్టే ముందే అది ఎవరి ఖాతాలోకి వెళుతున్నదో చూసుకోవడం తొలి జాగ్రత్త. నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే చెల్లించాలి. అమ్మకపు ఉద్యోగి నోటిమాటగా చెప్పిన గడువును ఆర్డరు పత్రం మీద రాయించుకోవాలి. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న షరతు ఆ పత్రంలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు ఆ షరతు కొనుగోలుదారుకు కలిసివచ్చింది. ధర పెరిగినప్పుడు ఆ భారమంతా అతని నెత్తినే పడుతుంది. ధర మారవచ్చునన్న షరతు అంత స్పష్టంగా అచ్చయినప్పుడు, గడువు మాత్రం ఎందుకు అచ్చు కాదు?

రద్దు చేసుకోదలిస్తే ఫోనులో చెప్పి ఊరుకోరాదు. గడువు దాటిన సంగతిని, రద్దు నిర్ణయాన్ని, వాపసు కోరుతున్న మొత్తాన్ని, ఇన్ని రోజులలోగా ఇవ్వాలన్న గడువును రాసి డీలరుకూ, కంపెనీకీ పంపి ప్రతి ఉంచుకోవాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలన్నది మరువరాదు.

ఒక్క నిబంధన చాలు

తయారీదారుల వాదనను కూడా వినవలసిందే. ఒకే వ్యక్తి మూడు షోరూములలో బుక్ చేసి, ముందు వచ్చిన బండి తీసుకుని మిగిలిన రెండు రద్దు చేసుకుంటే ఉత్పత్తి ప్రణాళిక తారుమారవుతుంది. తన క్రమసంఖ్యను లాభానికి అమ్ముకోజూసేవారూ లేకపోలేదు. విడిభాగాల కొరతకు డీలరు బాధ్యుడు కాడు. ఇవన్నీ నిజమే. గడువుకు ముందే మనసు మార్చుకున్నవారి నుంచి సహేతుకమైన స్వల్ప మొత్తం మినహాయిస్తే ఎవరూ తప్పుపట్టరు. గడువు దాటిన తర్వాత రద్దు చేసుకున్నవారిని కూడా అదే గాటన కట్టడమే అన్యాయం. చిప్ దొరకకపోవడం ఆలస్యానికి కారణం కావచ్చు. సొమ్ము వాపసు ఇవ్వకపోవడానికి అది కారణం కాజాలదు.

ఇల్లు కొనేవారికి పార్లమెంటు 2016లోనే రియల్ ఎస్టేట్ చట్టం ద్వారా ఈ రక్షణ కల్పించింది. చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించలేని బిల్డర్, కొనుగోలుదారు కోరితే, వడ్డీతో సహా సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆ చట్టం 18వ సెక్షన్ ఆదేశిస్తున్నది. మధ్యతరగతి కుటుంబానికి ఇంటి తర్వాత అతి పెద్ద కొనుగోలు కారే. ఇంటికి ఉన్న న్యాయం కారుకు ఎందుకు ఉండరాదు? ఇందుకు కొత్త చట్టం కోసం కూడా ఆగనక్కర లేదు. ఆన్‌లైన్ వ్యాపారంలో వినియోగదారులను మభ్యపెట్టే పదమూడు రకాల పోకడల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాహనాల బుకింగుల మీదా అటువంటివే జారీ చేయవచ్చు. ఆర్డరు పత్రం మీద డెలివరీ గడువు తప్పనిసరిగా ఉండాలి. గడువు దాటాక రద్దు చేసుకుంటే కోత లేకుండా, నిర్ణీత రోజులలో, వడ్డీతో సహా సొమ్ము కొనుగోలుదారు ఖాతాలో జమ కావాలి. సొమ్ము పుచ్చుకున్నది డీలరైనా వాపసుకు కంపెనీ కూడా బాధ్యత వహించాలి.

వాపసు ఖర్చు తప్పదని తెలిసిన రోజున కంపెనీలు తీర్చగలిగినన్ని బుకింగులే తీసుకుంటాయి, చెప్పగలిగిన గడువే చెబుతాయి. బుకింగుల సంఖ్యను గొప్పగా చాటుకునే ప్రకటనలలో అందజేసిన బండ్ల సంఖ్యకూ చోటు దొరుకుతుంది. అప్పటివరకు కొత్త కారు కోసం ధరావతు కట్టే ప్రతి వ్యక్తీ గడువు రాయని రసీదును చేతిలోకి తీసుకోకుండా ఉండటమే శ్రేయస్కరం.