ఆఫీసు కంప్యూటరుపై అత్యవసర భారము

2024 జూలై 19వ తేదీ ఉదయము, మన దేశమున పదిగంటలైనను కాకమునుపే, క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు పంపిన ఒక స్వల్పమైన ఫైలు మూలమున, మైక్రోసాఫ్ట్ వేసిన అంచనా ప్రకారమే, 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయినవి. శంషాబాదు విమానాశ్రయమునందు ఉద్యోగులు కలము చేతబట్టి బోర్డింగు పాసులు వ్రాసి ఇయ్యవలసి వచ్చినది. అమెరికాలో అలాస్కా మొదలగు రాష్ట్రములందు ఆపదలో పిలుచు 911 సేవకు అంతరాయము కలిగినది. అయినను ఆనాడు ఆకాశమున ఎగురుచున్న విమానమేదియు ఈ కారణమున నేలకూలలేదు. ఈ భేదమును గూర్చియే ఆలోచింపవలసి యున్నది.

ఆ ఫైలులోని దోషము వినుటకు అత్యల్పమైనది. 20 విలువలు మాత్రమే అందుచున్న చోట 21వ దానిని కూడ పరిశీలింపుమని అది కోరగా, ప్రోగ్రాము ఆ లేని విలువకై తనది కాని మెమరీని తడవినది. సాధారణమైన ప్రోగ్రామైనచో తానొక్కటే కూలి, తక్కిన పనులు యథావిధిగ సాగియుండును; ఇది నిఘాకొరకు సిస్టమునకు హృదయస్థానమైన కెర్నెల్‌లో ప్రవేశపెట్టబడినది గనుక, తనతోబాటు యంత్రమునంతను పడగొట్టినది. సంస్థ 78 నిమిషములలో ఫైలును ఉపసంహరించుకొన్నది. ఐనను అప్పటికే పడిన యంత్రములలో పెక్కింటికి స్టార్టగుటయే లేదు. స్టార్టు కానిదే సవరణ అందదు. కావున మనుష్యుడు ఒక్కొక్క యంత్రము కడకు పోయి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఫైలును తన చేతితో తొలగింపవలసి వచ్చినది. డిస్కు బిట్‌లాకర్ రక్షణలో నున్నచో అంతకుముందే 48 అంకెల కీని తప్పులేక టైపు చేయవలెను. దొంగలకై వేసిన తాళము ఆ దినమున యజమానినే వెలుపల నిలిపినది.

దీనిని చూపి విండోస్‌ను నిందించి లినక్స్‌ను స్తుతించువారున్నారు. అదే సంస్థ సాఫ్ట్‌వేరు అంతకు కొన్ని నెలల ముందు కొన్ని లినక్స్ యంత్రములను సైతము పడగొట్టినదని వారు మరచుచున్నారు. 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌లో, డేటాబేసునందలి ఒక గడిలో సున్న చేరగా, సున్నతో భాగింపబోయి ప్రోగ్రాములు కూలి, నౌక చోదకశక్తిని కోల్పోయి రెండు గంటలకు పైగా సముద్రమున నిలిచిపోయినప్పుడును, తప్పు విండోస్ ఎన్‌టీదా, అప్లికేషనుదా అని ఇట్టి వివాదమే సాగినది. నా మట్టుకు ఆ వివాదము నిష్ప్రయోజనము. గడిలోని అంకె ఇంజనును ఆపగలిగిన నిర్మాణమే దోషభూయిష్ఠము.

విమానమును నడుపు సాఫ్ట్‌వేరు డీఓ-178సీ అను ప్రమాణమునకు లోబడి, తన ప్రతి భాగమును ఏ అవసరమునకై వ్రాయబడినదో చూపి, పరీక్షలకు నిలిచి, అధికారుల ఆమోదము పొందిన పిదపనే విమానమెక్కును. సామాన్య సిస్టములకు ఇట్టి హామీ ఎవరును ఇచ్చియుండలేదు. ఒకనాటి విండోస్ లైసెన్సు పత్రములలో, జావా అను ప్రోగ్రామింగు భాషను గూర్చిన పేరాయందు, అణుకేంద్రములకును, విమాన సంచారమునకును, ప్రాణాధార యంత్రములకును అది ఉద్దేశింపబడలేదని స్పష్టముగ వ్రాసియే యున్నది. చదువకయే మనము సమ్మతించితిమి, అది వేరు మాట. చిక్కంతయు విమానపు సాఫ్ట్‌వేరుకును ఈ సామాన్య సిస్టములకును నడుమ నున్నది. ఆసుపత్రి రికార్డులకో, ఆపత్కాలపు ఫోనుల నమోదుకో ఆఫీసు సామగ్రిగా కొనబడిన కంప్యూటరు, కాలక్రమమున ప్రాణములు తనపై ఆధారపడు స్థితికి చేరుచున్నది. ఆ మార్పును గుర్తించి దానిని మరల పరీక్షించు వారెవరును లేరు.

మన 108, 112 సేవలకును, ప్రభుత్వాసుపత్రులకును కంప్యూటర్లు కొను అధికారులకు ఒక మనవి. కొత్త అప్‌డేటు కొద్ది యంత్రములపై పరీక్షింపబడినగాని తక్కినవానికి చేరరాదనియు, తెరలన్నియు ఆరిపోయినను ఫోనెత్తి, చిరునామా కాగితముపై వ్రాసికొని, అంబులెన్సును పంపు అభ్యాసము సిబ్బందిచేత తరచు చేయింపవలెననియు టెండరు పత్రములోనే షరతులు చేర్చుడు.