పరిమితి లోపల ఉందంటే ప్రమాదం లేదని కాదు

జగ్గయ్యపేట, నందిగామ తండాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

"యురేనియం గొడవ నల్లమల చెంచులది, మనకెందుకన్నా?" అంటున్నారు కదా. మన పొలాలకొచ్చే సాగర్ ఎడమ కాలువ ఎక్కడ మొదలవుతుంది? యూసీఐఎల్ గనులు తవ్వుతామన్న లంబాపూర్, పెద్దగట్టు ఆ సాగర్ జలాశయం పక్కనే ఉన్నాయి. అక్కడివీ మన తండాలే. 2003లో జనం ఎదురు తిరిగారు, గని రాలేదు. 2019లో అమ్రాబాద్ అడవి మీద కన్నేశారు. జనం లేచాక, సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

ఎక్కడికెళ్లినా వాళ్లది ఒకటే పాట: "రేడియేషన్ పరిమితి లోపలే ఉంటుంది." సామాన్య జనానికి ఆ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. అది నియమం మాత్రమే, క్యాన్సర్‌ను ఆపే గోడ కాదు. డోసు ఎంత చిన్నదైనా ఎంతో కొంత ప్రమాదం ఉంటుందనే లెక్క మీదే ప్రపంచమంతా రక్షణ నియమాలు రాసుకుంది. చిన్న డోసుకి చిన్న ప్రమాదమే, ఒప్పుకుంటా. కానీ ఆ ప్రమాదం ఎవరి ఒంటి మీద?

"ఎక్స్‌రే తీయించుకోవట్లేదా?" అంటారు. ఎక్స్‌రే మన మంచికి, మనం ఒప్పుకుంటేనే తీస్తారు. స్విచ్ ఆపితే అయిపోతుంది. యురేనియం తీసుకుపోయాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థాల్లోనే మిగులుతుంది. అందులోని థోరియం-230 సగానికి తగ్గాలంటేనే 75 వేల ఏళ్లు పడుతుంది. ఆ చెరువుకి ఏ స్విచ్ ఉంది?

ఇంకో మోసం ఉంది. క్యాన్సర్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. దాని మీద ఏ గని ముద్రా ఉండదు. అప్పుడు "నువ్వు బీడీ తాగావుగా" అంటారు. అమెరికాలో నవాజో ఆదివాసులు 1940ల నుంచి యురేనియం గనుల్లో రాడాన్ పీల్చి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రాలిపోయారు. పరిహార చట్టం వచ్చింది 1990లో! అప్పటికి ఎంతమంది మిగిలారు?

అందుకే ఆవేశం ఒక్కటే చాలదు. తండాలో వచ్చే ప్రతి క్యాన్సర్‌నీ యురేనియం ఖాతాలో వేయొద్దు, మన మాటే చులకనవుతుంది. ఎవరికి ఏ జబ్బు, ఏ వయసులో వచ్చిందో ఇప్పుడే రిజిస్టర్‌లో రాయండి. బావి, బోరు నీళ్లకి యురేనియం పరీక్ష చేయించమని అర్జీ పెట్టండి. పెద్దగట్టు పిలిస్తే కదలండి.

రుజువు చూపాల్సింది తవ్వేవాడు. చచ్చేవాడు కాదు.

జై సేవాలాల్! జై ఆదివాసీ!