బ్యాటరీ బోటుకు పిడికెడు ముడి
ఉప్పునీటిని తట్టుకునే చవక కనెక్టరే అసలు సమస్య

అమలాపురం: గోదావరి పాయల్లో తిరిగే పడవలకు డీజిల్ ఖర్చు మోయలేని భారంగా మారిన నేపథ్యంలో బ్యాటరీ బోట్ల వైపు చూపు మళ్లుతోంది. కేరళలో వైకోం, తవణక్కడవు రేవుల మధ్య 75 మంది ప్రయాణించగల సౌరవిద్యుత్ బోటు ‘ఆదిత్య’ 2017 జనవరిలోనే నీటిలోకి దిగింది. కొచ్చి వాటర్ మెట్రో 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అయితే అవి పెద్ద పెట్టుబడితో, నిపుణుల పర్యవేక్షణలో నిర్మించినవి. అప్పు చేసి నాటుపడవకు మోటారు బిగించుకునే మత్స్యకారుడి పరిస్థితి వేరు. మోటారు ధర, బ్యాటరీ ధర గురించి అందరూ లెక్కలు వేస్తారు. ఆ రెండింటినీ కలిపే పిడికెడంత కనెక్టర్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. చిన్న బోటు ఆగిపోయినా, అంటుకున్నా కారణం తరచూ అక్కడే దాగి ఉంటుంది.

నీటిలో కరెంటు అతుకు వేయడం డెల్టాకు కొత్తేమీ కాదు. బోరుబావిలోకి దించే సబ్‌మెర్సిబుల్ మోటారు తీగలను రబ్బరు టేపు చుట్టి నీరు చొరకుండా కట్టడం పల్లె ఎలక్ట్రీషియన్లకు వెన్నతో పెట్టిన విద్య. కానీ అయిదు హార్స్‌పవర్ల త్రీఫేజ్ మోటారు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే. పైగా ఆ అతుకును ఏళ్ల తరబడి విప్పనవసరం లేదు. బోటు సంగతి అలా కాదు. 48 వోల్టుల బ్యాటరీపై అయిదు కిలోవాట్ల మోటారు నడవాలంటే వంద ఆంపియర్లకు పైగా పారాలి. పది కిలోవాట్లకైతే రెండు వందలు దాటాలి. వోల్టేజి పెంచితే కరెంటు తగ్గుతుంది గానీ తడి చేతులతో పనిచేసే సరంగుకు ప్రాణగండం పెరుగుతుంది. ఆక్వా చెరువుల వద్ద ఏరియేటర్ల తీగలు తగిలి కూలీలు కన్నుమూసిన వార్తలు ఈ ప్రాంత పాఠకులకు తెలియనివి కావు.

ఇంత కరెంటు పారేచోట అతుకు కాస్త వదులైనా చాలు. కలిసే చోట నిరోధం ఓములో వెయ్యో వంతు ఉందనుకుందాం. వంద ఆంపియర్ల వద్ద అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలై 40 వాట్లకు చేరుతుంది. రేడియో మెకానిక్ టంకం వేసే కడ్డీ సాధారణంగా 25 వాట్లదే. అంతకు మించిన వేడి మూసి ఉన్న ప్లాస్టిక్ తొడుగులో గంటల తరబడి నిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. 2018 మే నెలలో దేవీపట్నం మండలం వద్ద పాపికొండల పర్యాటక బోటులో మంటలు చెలరేగినప్పుడు ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. అది బ్యాటరీ బోటు కాదు. అయినా నది మధ్యలో నిప్పు అంటే ఏమిటో నాడు జిల్లా కళ్లారా చూసింది.

ముద్ర ఉన్నంత మాత్రాన...

బజారులో ‘ఐపీ 67’ అన్న ముద్ర చూసి కొనేవారే ఎక్కువ. ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి పోదన్నదే ఆ ముద్రకు అర్థం. ఆ పరీక్ష జరిగేది మంచినీటిలో. అంతర్వేది మొగలోని ఉప్పునీటికి, రోజూ ఊడదీసి బిగించడానికి అది హామీ కాదు. చాలా రకాల్లో రెండు సగాలూ బిగించి ఉన్నప్పుడే ఆ ముద్ర చెల్లుతుంది. విప్పిన సగానికి మూత లేకపోతే లోపలి లోహం ఉప్పుగాలికి చిలుము పడుతుంది.

కనెక్టర్ ‘ఊపిరి పీల్చడం’ మరో చిక్కు. కరెంటు పారి వేడెక్కిన తొడుగుపై అల కొట్టగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. ఆ లాగుడికి రబ్బరు రింగు పక్కనుంచి నీరు లోపలికి చేరుతుంది. కనుక లోపల ఖాళీ మిగలకుండా గ్రీజుతోనో, గట్టిపడే రెజిన్‌తోనో నింపడం మేలు. తీగ లోపలి పోగుల సందుల్లోంచి కూడా నీరు పాకుతుంది. లోపల జిగురు పూసిన హీట్‌ష్రింక్ గొట్టాన్ని తీగపై గట్టిగా బిగించడం దానికి విరుగుడు. పాజిటివ్, నెగటివ్ రెండూ ఒకే తొడుగులో ఉండి నడుమ ఉప్పునీటి పొర చేరితే పాజిటివ్ వైపు రాగి కరిగిపోతుంది. రెంటికీ వేర్వేరు తొడుగులు, వేర్వేరు రంగులు పెట్టడం మంచిది. ఒకదాని స్థానంలో మరొకటి పట్టకుండా వాటి ఆకారం కూడా మార్చాలి.

చవక ఎక్కడ సాధ్యం?

ఇక్కడే ఒక పొరపాటు ఆలోచన వ్యాపించింది. రెండు వందల ఆంపియర్లు తట్టుకోవాలి, నీట మునగాలి, రోజూ ఊడిరావాలి అని మూడు కోరికలూ ఒకే వస్తువును అడుగుతున్నారు. ధర ఆకాశానికి అంటేది అందుకే. రోజూ విప్పవలసింది ఛార్జింగ్ తీగను. పది యూనిట్ల బ్యాటరీని రాత్రి ఎనిమిది గంటల్లో నింపడానికి 48 వోల్టుల వద్ద 26 ఆంపియర్ల చిల్లర చాలు. ఆ ప్లగ్గు చవకగానే దొరుకుతుంది. మోటారుకు వెళ్లే పెద్ద తీగకు ప్లగ్గు ఎందుకు? క్రింపింగ్ చేసిన రాగి లగ్గును బోల్టుతో బిగించి, గ్లాండులున్న ప్లాస్టిక్ పెట్టెలో నీటిమట్టానికి పైన ఉంచితే సరిపోతుంది. తీగ చివర టంకం పోయరాదు. అది తీగను బిరుసెక్కించి, ఇంజను అదురుకు విరిగేలా చేస్తుంది.

అయితే ఈ ఉపాయం అందరికీ చెల్లదు. దొంగల భయంతో మోటారును భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయే చిన్న మత్స్యకారుడికి పెద్ద కరెంటు ప్లగ్గు రోజూ విప్పక తప్పదు. నిజమైన పరీక్ష అతడి కోసం జరగాలి. లేత్ మిషన్‌పై ఇత్తడి పిన్నులు తిప్పించడం తేలికే. కానీ రాగితో పోలిస్తే ఇత్తడి విద్యుత్‌వాహకత నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే. రాగి పిన్నుకు తగరపు పూత పూసినా, పదేపదే విప్పితే అది అరిగిపోతుంది. అన్నిటికంటే కష్టం పిన్నును నిత్యం ఒకే బలంతో పట్టి ఉంచే స్ప్రింగు. చవక సరుకు దెబ్బతినేది ముందుగా అక్కడే. డీసీ కరెంటు పారుతుండగా ప్లగ్గు లాగితే మెరుపు మంట రేగి తెగకుండా సాగుతుంది. అందుకే రెండు సన్న పిన్నులను పొట్టిగా ఉంచి, అవి ముందుగా విడిపోగానే మోటారు ఆగేలా చేయాలి. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలన్నది మెకానిక్‌లకు తెలిసిందే. అయినా ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదటి వేటు దానిపైనే పడుతుండటం విచారకరం.

నాణ్యత తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వంద ఆంపియర్లు పంపి, అతుకుకు అటూ ఇటూ మల్టీమీటరు పెట్టి చూడాలి. పది, ఇరవై మిల్లీవోల్టులు చూపితే భేష్. వంద దాటితే ఆ ముక్కను పక్కన పెట్టాలి. దాన్నే ఉప్పునీటి తొట్టిలో వారాల తరబడి ముంచి, రోజూ విప్పి బిగించి, మళ్లీ కొలవాలి. పాలిటెక్నిక్ కళాశాలల విద్యార్థులకు ఇంతకు మించిన ప్రాజెక్టు పని దొరకదు. మత్స్యశాఖ నమూనాలు సేకరించి ఇస్తే చాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ మొదటి రోజునే తొట్టిలో పడిన కనెక్టర్ ఏపాటిదో, బోట్లు మళ్లీ నీటిలోకి దిగేలోగా తేలిపోతుంది.