ఓటు ఊర్లో, మనం దోహాలో

ఎలక్షన్లు వచ్చినయంటే మన క్యాంపుల్లో అర్ధరాత్రి దాకా అదే ముచ్చట. ఎవరు గెలుస్తరు, ఎవరు ఓడుతరని కొట్లాడుకుంటం. ఓటు వేసేది మాత్రం మనం కాదు.

2010లో చట్టం మార్చి విదేశాల్లో ఉన్న భారతీయులకు ఓటు హక్కు ఇచ్చిన్రు. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న అడ్రస్ ప్రకారం మన ఊరి ఓటర్ల లిస్టులో పేరెక్కుతది. కానీ పోలింగ్ రోజు ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకొని మన ఊరి బూత్‌లోనే లైన్ల నిలబడాలె. 2024 మే 13న మన రెండు రాష్ట్రాల్లో పార్లమెంట్ పోలింగ్. రెండేళ్లకోసారి లీవు దొరికే మేస్త్రీ, హెల్పర్ ఒక్క ఓటు కోసం టికెట్ కొనుక్కొని పోగలడా? హక్కు ఇచ్చి దారి మూసినట్టే ఉంది.

ఆ ఎలక్షన్లకు దేశం మొత్తం మీద పేరు రాయించుకున్న ప్రవాస ఓటర్లు లక్షా 19 వేల పైచిలుకు. వచ్చి ఓటేసినోళ్లు 2,958 మంది. పేరు రాయించుకున్నోళ్లలో 89 వేల పైన ఒక్క కేరళ వాళ్లే. మలయాళీల మాట అక్కడి సర్కారు ఎందుకు వింటదో దీన్నిబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు. ప్రవాసుల కోసం వాళ్లకు 1996లోనే నోర్కా అనే శాఖ వచ్చింది.

మన తరఫున వేరేవాళ్లు ఓటేసే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో పాసైంది. రాజ్యసభ దాటకముందే ఆ లోక్‌సభ గడువు అయిపోయింది, బిల్లూ పోయింది. 2020లో ఎలక్షన్ కమిషన్ పోస్టల్ ఓటు ఇద్దామన్నది. అదీ మనదాకా రాలే. మనతోపాటు పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లకు 2003 నుంచే చట్టం ఉంది. 2025లో ఇక్కడినుంచే ఇంటర్నెట్‌లో ఓటేసిన్రు.

క్యాంపుల్లో ఓట్లు కొంటరు, కంపెనీవాళ్లు బెదిరిస్తరు అని కొందరి భయం. ఆ భయం ఉత్తది కాదు. అందుకే వేరేవాళ్ల చేతికి ఓటు ఇచ్చుడు కన్నా, శుక్రవారం ఎంబసీలో బ్యాలెట్ పెట్టుడు మేలని మా అభిప్రాయం.

గల్ఫ్‌లో చనిపోయినోళ్ల కుటుంబానికి తెలంగాణ సర్కారు 5 లక్షలు ఇస్తున్నది. మంచిదే, కాదనం. కానీ బతికున్నోని జీతం ఆగితే, ఏజెంటు ముంచితే అడిగేదెవరు? లిస్టులో లేనోని బాధ లీడర్ లెక్కల ఉండదు.

అందుకే, ఓటు వేయలేకపోయినా ముందు పేరు రాయించుకుందాం. ఆన్‌లైన్‌లో ఫారం 6ఏ నింపుడుకు పైసా ఖర్చు లేదు. పాత ఓటరు కార్డు ఉంటే వాపస్ ఇయ్యాలె. ఇంటికి పోయినంక మళ్లా మామూలు ఓటరుగా ఎక్కొచ్చు. ఈ శుక్రవారం రూముకొకరు కూర్చొని, చదువురానోళ్ల ఫారాలు కూడా నింపుదాం. మన లెక్క వేలల్లో కనబడ్డనాడే బ్యాలెట్ ఇక్కడికి రావాలని గట్టిగా అడగొచ్చు.