నిలబడి నడిపే తెడ్డు పలక

పిల్లలూ! పడవలో కూర్చుని తెడ్డు వేయడం మీరెరిగినదే. వెడల్పాటి పలకమీద నిలబడి తెడ్డు వేయడం చూశారా? ఈ ఆటకు హవాయి దీవులు పుట్టిల్లు. ఆ పలకను పాడిల్ బోర్డు అంటారు.

ఇంటిల్లిపాదికీ ఒకటే కొనాలంటే గాలి నింపే రకం మేలు. రాయి తగిలినా సొట్టపడదు. చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. మరి గాలి నింపితే బుడగలా ఉబ్బదేం? లోపల పై పొరనూ కింది పొరనూ వేలాది దారాలు పట్టి ఉంచుతాయి. అందుకే బల్లలా బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది.

అమ్మానాన్నలతో వెళ్లి మూడు సంగతులు చూడండి. మందం 6 అంగుళాలుంటే మంచిది. ఎక్కేవారి బరువులన్నీ కూడితే, పలకకు చెప్పిన హద్దుకు బాగా తక్కువగా ఉండాలి. ఇక అతుకులు: ఇంట్లో గాలి నింపి ఒక రోజు నీడలో ఉంచండి, మెత్తబడితే తిరిగి ఇచ్చేయండి. ఎండలో మాత్రం వదలకండి. వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరిగి అతుకులు విడిపోవచ్చు.

డబ్బు మిగల్చాలంటే రంగుల్లో, హంగుల్లో మిగల్చండి. లైఫ్ జాకెట్ దగ్గర కాదు. పలక ఎలాగూ తేలుతుంది. తేలవలసింది మీరు గదా!